ఏ సర్టిఫికెట్ చెల్లుతుంది, ఏది చెల్లదు: విశాఖలో ట్రైనింగ్‌లో చేరేముందు చూసుకోవాల్సినవి

స్టీల్ ప్లాంట్, షిప్‌యార్డ్, నేవల్ డాక్‌యార్డ్, రిఫైనరీ, పోర్టు, పరవాడ ఫార్మా సిటీ, అచ్యుతాపురం సెజ్. ఇన్ని ఉన్న ఊళ్ళో టెక్నికల్ కోర్సులకి గిరాకీ ఉండటం మామూలే. అందుకే ద్వారకానగర్ నుంచి గాజువాక, కూర్మన్నపాలెం దాకా ఎక్కడ చూసినా ఇన్‌స్టిట్యూట్ బోర్డులే. ఆరు నెలల డిప్లొమా, మూడు నెలల సర్టిఫికెట్, వంద శాతం ఉద్యోగం అని రాసి ఉంటాయి. వాటిలో మంచివీ ఉన్నాయి, డబ్బు గుంజేవీ ఉన్నాయి. బోర్డు చూసి ఏది ఏదో చెప్పలేం. కాగితం చూసి మాత్రం చెప్పొచ్చు, కాస్త తెలిసుంటే చాలు. ఆ కాస్త ఇక్కడ రాస్తున్నాను, ముఖ్యంగా మొదటిసారి పిల్లల్ని ట్రైనింగ్‌కి పంపుతున్న తల్లిదండ్రుల కోసం.

ఒక్క మాట గుర్తుపెట్టుకుంటే మిగతాదంతా అర్థమవుతుంది. సర్టిఫికెట్ విలువ ఇన్‌స్టిట్యూట్ పేరులోనో బిల్డింగులోనో ఉండదు. ఆ కాగితం మీద సంతకం పెట్టిన సంస్థకి, సర్టిఫికెట్ ఇచ్చే అధికారం ఎవరిచ్చారన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నకి సూటిగా జవాబు రాకపోతే ఫీజు కట్టకండి.

ముందు, దేనికోసమో తేల్చుకోండి

"ఈ సర్టిఫికెట్ పనికొస్తుందా?" అని అడుగుతారు చాలామంది. దేనికి పనికిరావాలో చెప్పకుండా ఆ ప్రశ్నకి జవాబు లేదు. ఒక ట్రైనింగ్‌లో సీటు రావడానికి కావాల్సిన కాగితం వేరు, అప్రెంటిస్‌గా చేరడానికి వేరు, సర్కారు ఉద్యోగం నోటిఫికేషన్‌కి వేరు, ప్రైవేటు కంపెనీ గేటు దాటడానికి వేరు, పైచదువుకి వేరు. ఒకే కాగితం ఒకచోట బ్రహ్మాండంగా పనిచేసి ఇంకోచోట దరఖాస్తులోనే ఆగిపోతుంది. ఉదాహరణకి మూడు నెలల సర్కారు స్కిల్ కోర్సు సర్టిఫికెట్ చూసి అచ్యుతాపురంలో ఒక కంపెనీ హెచ్‌ఆర్ పనిలోకి తీసుకోవచ్చు, కానీ రైల్వే అసిస్టెంట్ లోకో పైలట్ నోటిఫికేషన్‌లో "ఐటీఐ" అని ఉంటే దానికి ఇది సరిపోదు. కోర్సు నకిలీ అని కాదు, అక్కడ అడిగింది అది కాదు, అంతే. కాబట్టి మీ పిల్లలు రెండేళ్ళ తర్వాత ఏ గుమ్మం దగ్గర నిలబడాలనుకుంటున్నారో ముందు అనుకోండి. ఆ ఉద్యోగం పాత నోటిఫికేషన్ ఒకటి వెతికి, "అర్హతలు" అన్న పేరా ఒక్కొక్క పదం పట్టుకుని చదవండి. కోర్సు ఎంపిక అక్కణ్ణుంచి వెనక్కి రావాలి. ముందు కోర్సులో చేరిపోయి తర్వాత ఉద్యోగం వెతుక్కోవడం వల్లనే సగం ఇబ్బందులు.

పదో తరగతి మెమో

అన్నిటికీ మొదటి మెట్టు ఇదే, దీని మీద శ్రద్ధ మాత్రం తక్కువ. పుట్టిన తేదీకి, పేరుకి, తండ్రి పేరుకి తర్వాత జీవితమంతా ఇదే ఆధారం. ఆధార్‌లో "సాయి కుమార్ గండి" అని, మెమోలో "జి. సాయికుమార్" అని, బ్యాంకు పుస్తకంలో ఇంకోలా ఉంటే, అప్రెంటిస్ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ దగ్గరే ఆగిపోతారు, స్టైపెండ్ పడే వేళకి ఇంకో టెన్షన్. మెమోలో ఎలా ఉందో ఆధార్‌ని అలాగే మార్పించుకోండి. మెమో మార్పించడం కష్టం, ఆధార్ మార్పించడం తేలిక. ట్రైనింగ్‌లో చేరకముందే ఈ పని అయిపోవాలి, ఎందుకంటే చేరాక వచ్చే ప్రతి సర్టిఫికెట్‌లోనూ అదే తప్పు అచ్చవుతూ పోతుంది.

పది మధ్యలో ఆగిపోయిన వాళ్ళకి ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఓపెన్ స్కూల్, ఉంది. కేంద్రానికి చెందిన ఓపెన్ స్కూల్, ఎన్‌ఐఓఎస్, కూడా ఉంది. ఈ రెండింటి పది, ఇంటర్ సర్టిఫికెట్లు రెగ్యులర్‌వాటితో సమానంగా చెల్లుతాయి. జాగ్రత్త పడాల్సింది "వారం రోజుల్లో పది పాస్, పరీక్ష అక్కర్లేదు" అనే ఏజెంట్ల దగ్గర. ఢిల్లీ పేరో ఇంకేదో పేరో పెట్టుకుని బోర్డుల్లా చలామణీ అయ్యేవి ఉన్నాయి. దేశంలో గుర్తింపున్న స్కూలు బోర్డుల జాబితా కాబ్‌సీ అనే బోర్డుల మండలి దగ్గర ఉంటుంది. అందులో పేరు లేకపోతే ఆ మెమోతో ఎక్కడికీ వెళ్ళకండి, వెరిఫికేషన్‌లో దొరికితే ఉద్యోగం పోవడమే కాదు, కేసు కూడా అవుతుంది.

ఎనిమిదితో ఆపేసిన పిల్లలు దిగులు పడక్కర్లేదు. ప్లంబర్, వైర్‌మన్ లాంటి కొన్ని ఐటీఐ ట్రేడ్లకి ఎనిమిది పాసైతే చాలు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్‌లకి మాత్రం లెక్కలు, సైన్సుతో పది పాసై ఉండాలి. ఎనిమిదితో ఐటీఐ చేసినవాళ్ళు ఎన్‌ఐఓఎస్ ద్వారా, ఐటీఐలో చదివిన సబ్జెక్టులు బదిలీ చేయించుకుని మిగిలిన పేపర్లు రాసి, పది అర్హత తెచ్చుకునే ఏర్పాటు 2016 నుంచి ఉంది. చాలామందికి తెలియదు, తెలిసినవాళ్ళు పక్కవాళ్ళకి చెప్పండి. అసలు చదువే లేని వాళ్ళకి, ఎనిమిదిలోపు ఆగిపోయిన వాళ్ళకి జన శిక్షణ సంస్థాన్ కోర్సులున్నాయి. కుట్టుపని, బ్యూటీషియన్ లాంటివి నేర్పిస్తారు.

ఐటీఐ: ఈ ఊళ్ళో అన్నిటికన్నా ఎక్కువ తలుపులు తెరిచే కాగితం

కంచరపాలెంలో ఐటీఐ జంక్షన్ అనే పేరు ఊరికే రాలేదు. సర్కారీ ఐటీఐలు అక్కడే ఉన్నాయి. ఐటీఐ పూర్తిచేసి ఆలిండియా ట్రేడ్ టెస్ట్ పాసైతే వచ్చేది నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్, అందరూ ఎన్‌టీసీ అంటారు. దీన్ని కేంద్ర నైపుణ్య శాఖ కింద ఉన్న డైరెక్టరేట్ జనరల్ ఆఫ్ ట్రైనింగ్ జారీ చేస్తుంది. పాతవాటి మీద ఎన్‌సీవీటీ, అంటే జాతీయ వృత్తి శిక్షణ మండలి, అని ఉంటుంది. 2020లో ఆ మండలి చేసే నియంత్రణ పని ఎన్‌సీవీఈటీ అనే కొత్త సంస్థకి వెళ్ళింది, పాత సర్టిఫికెట్ల విలువేమీ తగ్గలేదు. రాష్ట్రం ఇచ్చే ఎస్‌సీవీటీ సర్టిఫికెట్ కూడా చాలా నోటిఫికేషన్లలో చెల్లుతుంది. అయితే కొన్నిచోట్ల ఎన్‌సీవీటీ మాత్రమే అని రాస్తారు, కాబట్టి ప్రైవేటు ఐటీఐలో చేరేటప్పుడు "మీ కాలేజీకి కాదు, నేను చేరే ఈ ట్రేడ్‌కి, ఈ యూనిట్‌కి అఫిలియేషన్ ఉందా" అని అడగండి. కాలేజీకి గుర్తింపు ఉండి, ఒక ట్రేడ్‌కి మాత్రం లేకపోవడం జరుగుతుంది. అప్పుడు రెండేళ్ళు చదివినా పరీక్షకి హాల్‌టికెట్ రాదు.

మార్కుల సంగతి కూడా చూసుకోండి. నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ నోటిఫికేషన్లలో పదిలో 50 శాతం, ఐటీఐలో 65 శాతం అడుగుతూ వచ్చారు. ఐటీఐ అంటే పాసైతే చాలు అనుకుని లాక్కొచ్చిన పిల్లలు ఇక్కడే ఆగిపోతారు. మొదటి ఏడాది నుంచే ఆ 65 కళ్ళ ముందు పెట్టుకోవాలి.

ఐటీఐ తర్వాత అప్రెంటిస్ చెయ్యమని నా గట్టి సలహా. చాలామంది ఐటీఐ అయిపోగానే కాంట్రాక్టర్ దగ్గర పనికి వెళ్ళిపోతారు, ఇంట్లో అవసరం అలాంటిది, అర్థం చేసుకోగలను. కానీ అప్రెంటిస్ చట్టం 1961 కింద ఒక ఏడాది చేసి పరీక్ష పాసైతే వచ్చే నేషనల్ అప్రెంటిస్‌షిప్ సర్టిఫికెట్‌కి, ఎన్‌ఏసీకి, విలువ వేరు. రైల్వే సంస్థల్లో అప్రెంటిస్ పూర్తిచేసిన వాళ్ళకి లెవెల్ 1, అంటే మొదటి మెట్టు, పోస్టుల్లో 20 శాతం కేటాయింపు ఉంది. ఇక్కడ రైల్వే డీజిల్ షెడ్, ఇతర వర్క్‌షాపుల్లో అప్రెంటిస్‌లని తీసుకుంటారు. ఎన్‌ఏసీ ఉన్నవాడికి ప్రైవేటు కంపెనీ ఇంటర్వ్యూలోనూ మాట వేరుగా ఉంటుంది.

ఇక్కడో మోసం ఉంది, గమనించండి. కొన్ని కంపెనీలు "అప్రెంటిస్" అని నోటిమాటగా చెప్పి ట్రైనీగా పెట్టుకుంటాయి. ఏడాది పని చేయించుకుని లెటర్‌హెడ్ మీద ఒక కాగితం ఇచ్చి పంపేస్తాయి. నిజమైన అప్రెంటిస్‌కి అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో కాంట్రాక్ట్ తయారవుతుంది, దానికో నంబరు ఉంటుంది, మీ లాగిన్‌లో మీరు దాన్ని ఒప్పుకోవాలి. చేరిన కొత్తలోనే ఆ నంబరు అడగండి. నంబరు లేకపోతే ఆ ఏడాది పని అనుభవమే, అప్రెంటిస్ కాదు, ఎన్‌ఏసీ రాదు.

డిప్లొమా, డిగ్రీ, ఇంజినీరింగ్ చేసినవాళ్ళకి, ఇంటర్ ఒకేషనల్ వాళ్ళకి వేరే దారి, ఎన్‌ఏటీఎస్ అనే కేంద్ర అప్రెంటిస్ పథకం. దక్షిణాదికి చెన్నైలోని బోర్డ్ ఆఫ్ అప్రెంటిస్‌షిప్ ట్రైనింగ్ చూస్తుంది. పాసై ఎక్కువ ఏళ్ళు గడిస్తే తీసుకోరు, కాబట్టి గ్రూప్స్‌కో బ్యాంకుకో చదువుకుంటూ వాయిదా వెయ్యకండి.

పైచదువు కావాలంటే ఐటీఐ అడ్డం కాదు. బ్రిడ్జి కోర్సు చేసి పరీక్ష రాసి పాలిటెక్నిక్ రెండో ఏడాదిలో చేరొచ్చు, పాలిటెక్నిక్ నుంచి ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదికి వెళ్ళొచ్చు. ఫిట్టర్‌గా మొదలుపెట్టి ఇంజినీరుగా స్థిరపడిన వాళ్ళు ఈ ఊళ్ళో ప్రతి కాలనీలోనూ ఉంటారు.

మూడు నెలలు, ఆరు నెలల కోర్సులు

ఇక్కడే గందరగోళం ఎక్కువ. స్వల్పకాలిక కోర్సుల్లో చెల్లేవి ఏవంటే, జాతీయ నైపుణ్య అర్హతల చట్రం, అంటే ఎన్‌ఎస్‌క్యూఎఫ్‌కి, అనుగుణంగా ఉన్నవి. ఇది 2013 డిసెంబరులో వచ్చింది, అప్పుడు పది స్థాయిలు, 2023లో సవరించాక ఎనిమిది. సర్టిఫికెట్ మీద కోర్సు పేరు కింద స్థాయి, ఒక కోడ్ ఉంటాయి. ఆ కోడ్‌ని నేషనల్ క్వాలిఫికేషన్ రిజిస్టర్‌లో వెతికితే కోర్సు వివరం రావాలి. ఎన్ని గంటలు, చేరడానికి ఏం చదివి ఉండాలి, పరీక్ష ఎవరు పెడతారు, ఎప్పటిదాకా చెల్లుతుంది, అన్నీ అందులో ఉంటాయి. కోడ్ లేకపోతే, లేదా కోడ్ వెతికితే ఏమీ రాకపోతే, అది సర్కారు గుర్తింపున్న అర్హత కాదు.

ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన, అంటే పీఎంకేవీవై, 2015లో మొదలై విడతలుగా నడుస్తూ వచ్చింది. ఈ పథకం కింద ట్రైనింగ్ ఉచితం. "పీఎంకేవీవై సర్టిఫికెట్ ఇప్పిస్తాం, ఫీజు ఇంత" అన్నారంటే అక్కడే లేచి వచ్చేయండి. పల్లెల్లో పేద కుటుంబాల పిల్లలకి దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన ఉంది, 15 నుంచి 35 ఏళ్ళ వాళ్ళకి, రాష్ట్రంలో సీడాప్ అనే సర్కారు సంస్థ నడుపుతుంది. జీవీఎంసీ, అంటే విశాఖ నగరపాలక సంస్థ, పరిధిలో ఉన్నవాళ్ళు దీనికి రారు, ఆనందపురం, పద్మనాభం మండలాల పల్లెల వాళ్ళు వస్తారు. రేషన్ కార్డు చిరునామా ఎక్కడుందో చూసుకోండి. రాష్ట్ర నైపుణ్యాభివృద్ధి సంస్థ కోర్సులూ ఉంటాయి, అక్కడ కూడా ప్రశ్న అదే: చివర్లో సర్టిఫికెట్ ఎవరి పేరు మీద వస్తుంది?

ఈ కాగితాలతో ఎంత ఆశ పెట్టుకోవాలో కూడా చెప్పాలి. గుర్తింపున్న షార్ట్ టర్మ్ కోర్సు వల్ల మొదటి ఉద్యోగం తేలికవుతుంది, పని మీద పట్టు వస్తుంది. ఐటీఐకి అది ప్రత్యామ్నాయం కాదు. పది పాసైన పదహారేళ్ళ పిల్లాడికి రెండేళ్ళు చదివించే వీలుంటే ఐటీఐకే పంపండి. ఇరవై నాలుగేళ్ళు వచ్చి, డిగ్రీ ఉండి, పని దొరకని అమ్మాయికో అబ్బాయికో షార్ట్ టర్మ్ మంచిది.

బోర్డు మీద మాటల్ని నమ్మకండి

హార్బర్‌లో పనిచేసే ఒక తండ్రి కొడుకు సర్టిఫికెట్ పట్టుకొచ్చి "బాబూ, ఇది డాక్‌యార్డులో చెల్లుతాదా?" అని అడిగారు. దళసరి కాగితం, బంగారు రంగు అంచు, మూలన మెరిసే హోలోగ్రామ్, పైన నాలుగు సింహాల్ని పోలిన బొమ్మ. "డిప్లొమా ఇన్ ఫైర్ అండ్ సేఫ్టీ" అని పెద్ద అక్షరాలు. కింద చిన్న అక్షరాల్లో ఐఎస్ఓ 9001, ఎంఎస్ఎంఈ రిజిస్టర్డ్, ట్రస్ట్ రిజిస్ట్రేషన్ నంబరు, నీతి ఆయోగ్ నంబరు. ఇన్ని ఉన్నాయి కానీ, సర్టిఫికెట్ ఇచ్చే అధికారం ఉన్న బోర్డు పేరు గానీ విశ్వవిద్యాలయం పేరు గానీ ఎన్‌సీవీఈటీ పేరు గానీ ఒక్కటీ లేదు. డాక్‌యార్డు నోటిఫికేషన్‌లో అడిగే ఐటీఐకి అది సమానం కాదని చెప్పాల్సి వచ్చింది. ఆయన ముఖం చూస్తే బాధేసింది, ఆ ఫీజు ఆయనకి చిన్న మొత్తం కాదు.

ఆ మాటల్లో ఒక్కొక్కదాని అర్థం తెలుసుకోండి. ఐఎస్ఓ 9001 అంటే ఆ ఆఫీసు నడిపే పద్ధతికి ఒక ప్రైవేటు ఏజెన్సీ ఇచ్చిన ధ్రువీకరణ, కోర్సుకి కాదు. ఎంఎస్ఎంఈ అంటే ఉద్యమ్ రిజిస్ట్రేషన్, ఎవరైనా తమ వివరాలు తామే నింపుకుని తెచ్చుకునేది. బజ్జీల బండికీ వస్తుంది. ట్రస్ట్, సొసైటీ రిజిస్ట్రేషన్ అంటే సంస్థ పుట్టిందని రుజువు, అంతకుమించి ఏమీ కాదు. నీతి ఆయోగ్ పోర్టల్‌లో స్వచ్ఛంద సంస్థలు నమోదు చేసుకుంటాయి, అది కోర్సులకి గుర్తింపు కాదు. ఈ నాలుగూ కలిపి చూపించినా సర్టిఫికెట్‌కి బలం రాదు.

ఫైర్ అండ్ సేఫ్టీ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే ఈ ఊళ్ళో దీని మీద మోజు ఎక్కువ. ఫ్యాక్టరీల్లో చట్టప్రకారం సేఫ్టీ ఆఫీసర్‌గా నియమించాలంటే గుర్తింపున్న డిగ్రీ లేదా ఇంజినీరింగ్ డిప్లొమా, దాని మీద కొంత అనుభవం, ఆపైన ప్రభుత్వం గుర్తించిన ఇండస్ట్రియల్ సేఫ్టీ డిప్లొమా కావాలి. పది తర్వాత ఆరు నెలలు చదివి సేఫ్టీ ఆఫీసర్ అయిపోరు. కాంట్రాక్టర్ల దగ్గర సేఫ్టీ స్టీవార్డ్‌గానో ఫైర్ వాచ్‌గానో పని దొరకొచ్చు, ఆ పనులకి కూడా విలువుంది, కానీ జీతం అంచనా అక్కడే పెట్టుకోండి. నెబోష్ అనేది బ్రిటన్‌కి చెందిన సర్టిఫికెట్, గల్ఫ్‌లో అడుగుతారు, ఇక్కడి చట్టంలో చెప్పిన డిప్లొమాకి అది బదులు కాదు.

డిగ్రీలకీ ఇదే వర్తిస్తుంది. యూజీసీ ఏటా నకిలీ విశ్వవిద్యాలయాల జాబితా పెడుతుంది, అందులో విశాఖ చిరునామాతో ఉన్నది కూడా ఉంది. దూరవిద్య డిగ్రీ అయితే ఆ విశ్వవిద్యాలయానికి, ఆ కోర్సుకి, మీరు చేరే ఆ ఏడాదికి యూజీసీ దూరవిద్యా విభాగం అనుమతి ఉందో లేదో చూడాలి. కంప్యూటర్ కోర్సుల్లో డీసీఏ, పీజీడీసీఏ అని ఎవరికి వారు అచ్చేసుకుంటారు. కేంద్ర సంస్థ నీలిట్ పెట్టే సీసీసీ, ఓ లెవెల్ పరీక్షలకైతే నోటిఫికేషన్లలో పేరు పెట్టి మరీ అడుగుతారు. టైపింగ్‌కి మన సాంకేతిక విద్యా శిక్షణ మండలి లోయర్, హయ్యర్ పరీక్షలే లెక్క.

కొన్ని పనులకి సర్టిఫికెట్ చాలదు, లైసెన్సు కావాలి

ఐటీఐ ఎలక్ట్రీషియన్ అయినా, కాంట్రాక్టు కింద వైరింగ్ పనులు చెయ్యాలంటే రాష్ట్ర ఎలక్ట్రికల్ లైసెన్సింగ్ బోర్డు పర్మిట్ కావాలి. బాయిలర్ దగ్గర నిలబడాలంటే బాయిలర్ల శాఖ పరీక్ష పాసవ్వాలి. ల్యాబ్ టెక్నీషియన్‌కి పారామెడికల్ బోర్డు, నర్సుకి నర్సింగ్ కౌన్సిల్, ఫార్మసిస్టుకి ఫార్మసీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. నర్సింగ్ హోమ్‌లో ఆరు నెలలు నేర్పి ఇచ్చిన "నర్సింగ్ అసిస్టెంట్" కాగితంతో స్టాఫ్ నర్సు పోస్టుకి వెళ్ళలేరు. ఓడ ఎక్కాలంటే డీజీ షిప్పింగ్ ఆమోదించిన సంస్థలోనే ట్రైనింగ్, ఇండోస్ అనే నావికుల గుర్తింపు నంబరు, సీడీసీ అనే నావికుల పుస్తకం కావాలి. ఏదో దేశం సీడీసీ డబ్బుకి ఇప్పిస్తామనే ఏజెంట్లు పోర్టు ఉన్న ప్రతి ఊళ్ళోనూ తిరుగుతారు. దూరంగా ఉండండి.

వెల్డర్ల సంగతి వీటన్నిటికన్నా వేరు. ఇక్కడ కాగితం కన్నా చెయ్యి ముఖ్యం. ఐటీఐ వెల్డర్ సర్టిఫికెట్ ఉన్నా సరే, రిఫైనరీలోనో షిప్‌యార్డులోనో కాంట్రాక్టర్ ముందు టెస్ట్ పెడతాడు. ప్లేట్ మీద 3జీ (నిలువుగా అతకడం), 4జీ (తలపైన అతకడం), పైపు మీద 6జీ. 6జీ అంటే పైపుని 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగిస్తారు, చుట్టూ తిరిగి మీరే అతకాలి, తర్వాత రేడియోగ్రఫీలో లోపల గాలి బుడగ కనిపించినా, రూట్ దగ్గర, అంటే అతుకు అడుగున, లోహం సరిగ్గా కరిగి కలవకపోయినా లోపమని గుర్తు పెడతారు. ఏఎస్ఎంఈ అనే అమెరికా ఇంజినీర్ల సంఘం వెల్డింగ్ నియమావళి సెక్షన్ 9 ప్రకారం పాసైన ఈ టెస్టు ఆ కంపెనీకే పరిమితం, ఇంకో కంపెనీకి వెళ్తే వాళ్ళు మళ్ళీ పెట్టుకుంటారు. టెస్ట్ పాసైన వెల్డింగ్ పద్ధతిలో ఆరు నెలలు పని చెయ్యకపోతే అర్హత పోతుంది. కాబట్టి "జీవితాంతం చెల్లే 6జీ సర్టిఫికెట్" అని ఎవరైనా అమ్మితే కొనకండి. 6జీ నేర్పే చోటు వెతుక్కోండి. రోజుకి ఎన్ని కూపన్లు, అంటే అతికి చూసే ముక్కలు, ఇస్తారు, ఎన్ని రాడ్లు కాల్చనిస్తారు, ఎక్స్‌రే తీయిస్తారా అని అడగండి. ట్రైనింగ్ ఫీజులో ఎక్కువ భాగం ఆ పైపుకి, ఆ రాడ్లకే పోవాలి.

చదువు లేదు, పని వచ్చు

ఆటోనగర్‌లో ఇరవై ఏళ్ళుగా లేత్ మీద పనిచేసేవాళ్ళు ఉన్నారు, చేతిలో కాగితం ముక్క ఉండదు. ఇలాంటి వాళ్ళ కోసమే ఆర్‌పీఎల్ ఉంది, అంటే ఇప్పటికే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వడం. కొద్ది గంటల తరగతులు, తర్వాత అసెస్‌మెంట్. దీంతో సర్కారు ఉద్యోగం రాదు గానీ, గల్ఫ్ ఏజెన్సీల దగ్గర, పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర పనితనం రుజువు చేసుకోవడానికి అక్కరకొస్తుంది. సౌదీకి వెళ్ళే ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, వెల్డర్లకి వాళ్ళ దేశం పెట్టే స్కిల్ వెరిఫికేషన్ పరీక్ష విడిగా ఉంటుంది.

సంప్రదాయ వృత్తుల వాళ్ళకి 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ ఉంది. అందులోని 18 వృత్తుల్లో వడ్రంగి, కమ్మరి, తాపీ మేస్త్రీలతోపాటు పడవలు చేసేవాళ్ళు, చేపల వలలు అల్లేవాళ్ళు కూడా ఉన్నారు. ఫిషింగ్ హార్బర్, భీమిలి వైపు వాళ్ళు దీన్ని వదులుకోకూడదు. సర్టిఫికెట్, గుర్తింపు కార్డు, ట్రైనింగ్ రోజులకి రోజుకి 500 రూపాయలు, పనిముట్లకి 15,000 రూపాయలు. చదువు అడ్డు రాదు, కుటుంబానికి ఒక్కరికే ఇస్తారు.

అనుభవానికి రుజువు ఎలా అంటే, కాంట్రాక్టర్ ఇచ్చే ఎక్స్‌పీరియన్స్ లెటర్ మంచిదే, కానీ కాంట్రాక్టర్లు మారుతుంటారు, కొందరు ఫోనే ఎత్తరు. గట్టి రుజువు మీ పీఎఫ్ ఖాతా. ఒకే యూఏఎన్, అంటే మీ పీఎఫ్ నంబరు, కింద ఎవరి దగ్గర ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా పనిచేశారో ఈపీఎఫ్ఓ సర్వీస్ హిస్టరీలో వస్తుంది. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త యూఏఎన్ తియ్యనివ్వకండి, పాతదే ఇవ్వండి. గేటు పాసులు, జీతం స్లిప్పులు ఫొటో తీసి పెట్టుకోండి. పీఎఫ్ కట్టని చోట పనిచేస్తే డబ్బుతోపాటు ఆ ఏళ్ళ రుజువూ పోతుంది, ఇది మాత్రం గట్టిగా అడిగి తీరాల్సిన విషయం.

ఫీజు కట్టేముందు

ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి, పాత విద్యార్థి సర్టిఫికెట్ నమూనా చూపించమనండి. పేరు చేత్తో మూసి చూపించినా ఫర్వాలేదు. సంతకం ఎవరిది, కోడ్ ఉందా, క్యూఆర్ ఉందా చూడండి. క్యూఆర్ స్కాన్ చేస్తే వాళ్ళ సొంత వెబ్‌సైటే తెరుచుకుంటే అది రుజువు కాదు, స్కిల్ ఇండియా డిజిటల్ హబ్, డిజిలాకర్ లాంటి సర్కారు చోట తెరుచుకోవాలి. ఐటీఐ సర్టిఫికెట్లు, మన పది, ఇంటర్ మెమోలు డిజిలాకర్‌లో దొరుకుతాయి. మీ కాగితం అక్కడికి వస్తే సగం వెరిఫికేషన్ అయిపోయినట్టే. "డిజిలాకర్‌లో వస్తుందా" అని అడిగితే సూటిగా చెప్పకుండా మాట మార్చేవాళ్ళ దగ్గర చేరకండి.

ఫీజు రసీదు మీద కోర్సు పేరు, సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ పేరు రాయించుకోండి. ఒరిజినల్ మెమోలు, టీసీ ఎవరి దగ్గరా వదిలెయ్యకండి, చూపించి జిరాక్సు ఇచ్చి వెనక్కి తెచ్చుకోండి. ఫీజు బాకీ ఉందని ఒరిజినల్స్ బిగబట్టి పిల్లల్ని తిప్పించుకునే చోట్లు ఉన్నాయి.

అనుమానం ఉంటే కంచరపాలెంలో ఐటీఐ ప్రిన్సిపాల్ ఆఫీసులోనో, అక్కడే ఉన్న జిల్లా ఉపాధి కల్పనా కార్యాలయంలోనో అడగండి. నోటిఫికేషన్ ప్రింట్, సర్టిఫికెట్ నమూనా రెండూ పట్టుకెళ్తే మాట తేలిగ్గా తేలుతుంది.

ఇప్పటికే డబ్బు కట్టి చెల్లని కాగితం తెచ్చుకున్నవాళ్ళు సిగ్గుపడి ఊరుకోకండి. రసీదు, ప్రకటన ఫొటో, వాట్సాప్ మెసేజులు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి. నేర్చుకున్న పని నిజంగా వచ్చుంటే అదే రంగంలో ఆర్‌పీఎల్ అసెస్‌మెంట్‌కి వెళ్ళండి. వయసుంటే ఐటీఐ అడ్మిషన్ల నోటిఫికేషన్ కోసం చూడండి, పది ఫలితాల తర్వాత వస్తుంది, మొదటి విడతలో మిగిలిన సీట్లకి తర్వాతి విడతలు కూడా ఉంటాయి. పది మెమో, ఆధార్, కులం సర్టిఫికెట్, టీసీ ముందే సిద్ధం చేసి పెట్టుకోండి.